కవరు మీద ఎర్ర ముద్ర

గురువారం, రాత్రి పదిన్నర

అమ్మ బయాప్సీ రిపోర్టు ఇవాళ చేతికి వచ్చింది. క్యాన్సర్ కాదు. ముందు ఆ మాట రాసుకుంటే గానీ మిగతాది రాయలేను. గడ్డ ఎక్కడ వచ్చిందో ఇక్కడ కూడా రాయను, అది అమ్మ సొంత విషయం.

పది రోజులుగా ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. పిన్ని రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది. అమ్మ ఆమెతో కందిపొడి గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడి పెట్టేసేది. "చెబితే అది రైలెక్కి వచ్చేస్తుంది. దాన్ని ఓదార్చే ఓపిక నాకు లేదు. ముందు సంగతేంటో తేలనీ" అంది. నాకూ అదే న్యాయం అనిపించింది.

పొద్దున పదకొండింటికి రిపోర్టు కోసం వెళ్ళాం. హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు. కౌంటర్లో అమ్మాయి అమ్మ పేరు ఇంటిపేరుతో సహా పిలిచింది. మేము లేచి వెళ్ళేలోపే కవరు తెరిచి చూసి, "క్యాన్సర్ కాదండీ, మామూలు గడ్డే, భయపడకండి" అంది. అవతలి గోడ దగ్గర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడింది. ఆ అమ్మాయి మంచి మనసుతోనే చెప్పింది, మా మొహాలు చూసి త్వరగా చెప్పాలనుకుని ఉంటుంది. అందుకే నాకు వెంటనే కోపం రాలేదు. అమ్మ మాత్రం తల వంచుకుని కవరు అందుకుంది.

గోధుమరంగు కవరు. మూతకి రెండు స్టేపుల్ పిన్నులు, ఒకటి అప్పటికే ఊడి వేలాడుతోంది. ఎడమ మూలన ఎర్ర సిరాతో ఇంగ్లీషులో 'కాన్ఫిడెన్షియల్' అని ముద్ర, చివరి రెండు అక్షరాలు సరిగా పడలేదు. అమ్మ దాన్ని రెండు మడతలు పెట్టి కొంగు చాటున పట్టుకుంది. ఆటోలో ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. దిగాక, "గండం గడిచిందిలే. పేరు పెట్టి పిలవకుండా ఉంటే బాగుండేది" అంది.

మా వీధి ఆవిడ ఒకరు ఆ హాల్లోనే ఉన్నారట, మేము చూసుకోలేదు. సాయంత్రం నాలుగు దాటగానే ఇరుగుపొరుగువాళ్ళు రావడం మొదలైంది. ఒకరు బత్తాయిలు తెచ్చారు, ఒకరు తమ ఆడపడుచు కథ చెప్పారు. అందరివీ ఆప్యాయతలే. పది రోజులు ధైర్యంగా ఉన్న అమ్మ ఆ రెండు గంటల్లో నలిగిపోయింది.

రాత్రి మా అమ్మాయి పుస్తకాల సంచీ పక్కన పెట్టి ఆ కవరు చేతిలోకి తీసుకుంది. "అమ్మా, కాన్ఫిడెన్షియల్ అంటే సీక్రెట్ అనే కదా? మరి కాన్ఫిడెంట్ లాగా ఎందుకుంది?" అని అడిగింది. పదో తరగతి పిల్ల అడిగిన ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు. డిక్షనరీ తీసి ఇద్దరం కూర్చున్నాం.

రెండూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో నమ్మడాన్ని 'ఫీదెరె' అంటారు. దాని ముందు 'కాన్' చేరి ఆ నమ్మకాన్ని గట్టిపరిచింది. తనని తాను నమ్ముకున్నవాడు కాన్ఫిడెంట్. ఇంకొకరిని నమ్మి వాళ్ళ చేతిలో పెట్టిన విషయం కాన్ఫిడెన్షియల్. సీక్రెట్ పుట్టుక వేరు. 'కెర్నెరె' అంటే జల్లించడం, వేరు చేయడం. అలా విడదీసి పక్కన పెట్టేసిందే సీక్రెట్. మనం పంచాయతీ సెక్రటరీ అంటామే, ఆ మాట కూడా ఇందులోంచే వచ్చింది, మొదట్లో రహస్యాలు భద్రపరిచేవాడని అర్థం.

అంటే సీక్రెట్ ఒక్క మనిషితోనే కుదురుతుంది. బీరువాలో దాచి ఎవరికీ చెప్పకపోతే చాలు. కాన్ఫిడెన్షియల్‌కి ఇద్దరు కావాలి, చెప్పేవాళ్ళు ఒకరు, కాపాడేవాళ్ళు ఒకరు. "సీక్రెట్‌గా పెళ్ళి చేసుకున్నారు అంటాం. కాన్ఫిడెన్షియల్‌గా పెళ్ళి చేసుకున్నారు అంటామా?" అని అడిగితే పిల్ల నవ్వేసి, "డాక్టరుకి చెప్పేది కాన్ఫిడెన్షియల్" అని తనే అంది. సరిగ్గా పట్టుకుంది.

వైద్యుల నడవడిక గురించి 2002లో వచ్చిన నిబంధనల్లోనూ ఇది ఉంది. వైద్యంలో తెలిసిన రోగి రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశిస్తేనో, ఇంకొకరి ప్రాణానికి ముప్పుంటేనో, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బయితేనో తప్ప. ఆ కట్టుబాటు డాక్టరు గదిలో మొదలై కౌంటరు దగ్గరికి వచ్చేసరికి తెగిపోతే రోగికి ఏం మిగిలినట్టు?

ఈ మాట మా ఇంటికి కొత్త కాదు. నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ప్రభుత్వ ఫైళ్ళలో టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రిస్ట్రిక్టెడ్ అని నాలుగు మెట్లుంటాయని ఆయన చెప్పగా విన్నాను. ఆయన్ని బాధపెట్టింది మాత్రం ఏటా పై అధికారి రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. 'సీఆర్' అనేవారు. ఒక ప్రమోషన్‌లో ఆయన్ని దాటేసి జూనియర్‌కి ఇచ్చారు. సీఆర్‌లో ఏం రాశారో ఆయనకి చూపించలేదు. మరీ చెడ్డగా రాస్తేనే ఉద్యోగికి తెలియజేసేవారు, లేకపోతే లేదు. రిటైరయ్యేదాకా ఆయన "ఏం రాసుంటారో" అంటూనే ఉన్నారు.

2008లో దేవ్ దత్ అనే ఇంజనీరు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆయన రిపోర్టులో 'గుడ్' అని రాశారు, ప్రమోషన్‌కి 'వెరీ గుడ్' కావాలి. ఆ 'గుడ్' సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. రిపోర్టులో ఏం రాసినా ఉద్యోగికి తెలపాల్సిందేనని కోర్టు అంది. తర్వాత కేంద్రం ఆ రిపోర్టు పేరులోంచి కాన్ఫిడెన్షియల్ అనే మాటే తీసేసింది. అప్పటికి నాన్న రిటైరై మూడేళ్ళు. పేపరు మడిచి పెట్టి చాలాసేపు వరండాలో కూర్చున్నారు. నాన్న గురించిన కాగితాన్ని నాన్నకే చూపకుండా దాచారు. అమ్మ గురించిన కాగితాన్ని ఇరవై మంది ముందు చదివారు. రెండింటి మీదా ఒకటే ముద్ర.

మన మాటల్లో దీనికి దగ్గరగా ఏదుందా అని పిల్ల, నేను వెతుక్కున్నాం. రహస్యం కాదు. 'రహస్' అంటే ఎవరూ లేని ఏకాంతం, అది సీక్రెట్‌కే సరిపోతుంది. దొంగచాటు అనలేం, అందులో తప్పు చేసిన వాసన ఉంది. గోప్యం బాగుంది. 'గుప్' ధాతువుకి దాచడమే కాదు, కాపాడడం కూడా అర్థమే. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల తీర్పు వచ్చినప్పుడు పేపర్లు గోప్యత హక్కు అని రాస్తే నాకు అది ఆఫీసు మాటలా తోచింది. ఇవాళ మాత్రం చాలా దగ్గరగా అనిపించింది.

మంచం మీద అటు తిరిగి పడుకున్న అమ్మ మా మాటలన్నీ వింటూనే ఉంది. "ఇంతసేపు వెతకాలా? కడుపులో పెట్టుకోమని చెప్పడం" అంది.

నేనూ పిల్లా మొహమొహాలు చూసుకున్నాం. చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. మా అమ్మమ్మ ఏదైనా చెప్పే ముందు, "ఇది కడుపులో పెట్టుకో, ఎక్కడా అనకు" అని మొదలుపెట్టేది. పిల్ల డిక్షనరీలో ఆ ఇంగ్లీషు మాట పక్కన పెన్సిల్‌తో తన అమ్మమ్మ మాట రాసుకుంది.

ఎనిమిదింటికి పిన్ని ఫోన్ వచ్చినప్పుడు అమ్మే అంతా చెప్పింది. ఎవరి నోటో వినకముందే తన నోటితో చెప్పుకోవాలని. అవతల ఏడుపు నాకూ వినపడింది. అమ్మ ఓపిగ్గా ఓదార్చింది.

బిల్లు మీద స్టాంపు వేయించడానికి రేపు మళ్ళీ అక్కడికి వెళ్ళాలి. సాయంత్రం కోపంలో గట్టిగా నిలదీద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ ఆలోచన లేదు. మధ్యాహ్నం హాలు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, ఇంకెవరికీ వినపడకుండా చెప్తాను.