సగటు మనిషి ఎవరు? హత్య కేసు జ్యూరీలో నా అనుభవం

కాలిఫోర్నియాలో నన్ను హత్య కేసు జ్యూరీకి, అంటే కోర్టులో తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందానికి తీసుకున్నారని తెలిసి తెనాలిలో ఉన్న మా బాబాయి నమ్మలేదు. “తీర్పు నువ్వు చెప్పడమేమిట్రా?” అన్నారు. మన దేశంలో భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి మీద నడిచిన 1959 నాటి నానావతి కేసు జ్యూరీలో తొమ్మిది మందికి ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. ఇక్కడ మాత్రం పౌరసత్వం తీసుకున్న మామూలు మనిషికి ఏదో ఒక రోజు జ్యూరీకి రమ్మనే ఆ ఉత్తరం వస్తుంది.

ఎంపిక రోజున న్యాయవాదులు చాలా అడిగారు. మీ ఇంట్లో ఎవరైనా నేరానికి గురయ్యారా, పోలీసు ఉద్యోగంలో ఉన్నారా, నిష్పక్షపాతంగా ఉండగలరా? అన్నిటికీ నిజమే చెప్పాను. నా తమ్ముడితో ఆరేళ్లుగా మాటల్లేవని ఎవరూ అడగలేదు. అది చెప్పాల్సిన సంగతని నాకూ తోచలేదు.

కేసు అన్నదమ్ములది. తల్లి, తమ్ముడు ఉంటున్న ఇల్లు అన్న పేరు మీద ఉంది. ఒక రాత్రి భోజనాల దగ్గర, ఇల్లు అమ్మేస్తున్నానని, నెలలో ఖాళీ చేయమని అన్న చెప్పాడు. మాట పెరిగింది. తమ్ముడు గరాజ్‌లోకి వెళ్లి ఇనుప రాడ్ తెచ్చి కొట్టాడు. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది కూడా అతనే. కొట్టలేదని ఎవరూ అనలేదు. అది హత్యా, లేక అంతకంటే చిన్న నేరమైన, ఆవేశంలో జరిగిన నరహత్యా అన్నదొక్కటే మా ముందున్న ప్రశ్న.

ఆ తల్లిని మరిచిపోలేను. ఉదయం ముద్దాయి వెనక బెంచీలో కూర్చునేది. మధ్యాహ్నం అవతలి వైపుకు వెళ్లి, చనిపోయిన కొడుకు భార్య పక్కన కూర్చునేది. విచారణ జరిగినన్ని రోజులూ అంతే. ఇంటికి వెళ్లాక ఇదంతా మా ఆవిడకైనా చెప్పకూడదు. అన్నం ముందు మౌనంగా కూర్చునేవాణ్ణి.

జడ్జి చదివిన సూచనల్లో ఒక మాట నన్ను పట్టుకుంది. అదే పరిస్థితిలో సగటు స్వభావం గల మనిషి ఆలోచన వదిలి ఆవేశంతో ప్రవర్తించేవాడా అని చూడాలట. చల్లబడటానికి చాలినంత సమయం దొరికిందా అనీ చూడాలి. ముద్దాయి తన కొలత తాను పెట్టుకోకూడదు. సరే, మరి మా పన్నెండు మంది కొలత ఎవరిది?

జ్యూరీ గది తలుపు మూశాక అది తెలిసింది. గరాజ్‌కు వెళ్లి రావడానికి రెండున్నర నిమిషాలు పట్టిందని సాక్ష్యం. ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే నర్సు, అంత సేపట్లో మనిషి ఎన్నో నిర్ణయాలు తీసుకోగలడు అంది. ఆమె రోజూ తీసుకుంటుంది కదా. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన పెద్దాయన, కోపం దిగడానికి తనకు రెండు స్టాపులు దాటాలన్నాడు. రోజుకు పదిహేను డాలర్ల భత్యంతో జీతం పోగొట్టుకుంటున్న కుర్రాడు గోడ గడియారం వైపే చూస్తున్నాడు. అతన్ని తప్పుపట్టలేను, అతని ఇంటి అద్దె అతనిది. మొదటి ఓటులో ఏడుగురం హత్య అన్నాం. అందరికంటే గట్టిగా వాదించింది నేనే. “ఆస్తి మాటలకు రెచ్చిపోవడమేమిటి? అన్న తన ఇల్లు తాను అమ్ముకుంటానన్నాడు, అంతేగా!” అన్నాను.

రెండో రోజు ఫొటోలు మళ్లీ చూశాం. భోజనాల బల్ల. సగం తిన్న పళ్లెం, పక్కన కాగితాల కట్ట, పెన్ను. సంతకం పెట్టాల్సిన చోట అంటించిన చిన్న పసుపుపచ్చ చీటీ. తమ్ముడు తన హక్కు వదులుకోవాలని అన్న తెచ్చిన కాగితాలవి. అవే చీటీలు నేనూ అంటించాను. నాన్న ఇంటి హక్కు విడుదల పత్రం కొరియర్‌లో పంపినప్పుడు, మా తమ్ముడు తికమక పడకూడదని, నాలుగు చోట్ల. తర్వాత వాడు ఫోన్ చేసి అరిచాడు. వాడికి కోపం ఎందుకొచ్చిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

అంటే నేను చనిపోయిన అన్న కుర్చీలో కూర్చుని వాదిస్తున్నానన్నమాట. ఆ మాట రెచ్చగొట్టేది కాదని నేననడానికి కారణం, అలాంటి మాట నేనూ అని ఉండటమే. ఆ సంగతి మిగతా పదకొండు మందికీ చెప్పాను. చెబుతుంటే గొంతు పట్టేసింది. నర్సు ఆ ఫొటోను తన వైపు లాక్కుని చాలాసేపు చూసింది.

మేం ఏకాభిప్రాయానికి రావడానికి మరో రోజున్నర పట్టింది. నరహత్య అన్నాం. శిక్ష ఎంతన్నది మేం ఆలోచించకూడదు. నేను మారింది సాక్ష్యం వల్లనా, ఆ పసుపు చీటీ వల్లనా అన్నది ఇప్పటికీ విడదీసి చెప్పలేను. తమ్ముడి కుర్చీలోకి మారి కూర్చున్నానేమో అన్న భయం కూడా ఉంది.

ఒక్కొక్కరినీ అడిగారు, ఇది మీ నిర్ణయమేనా అని. నా వంతు వచ్చినప్పుడు అవునన్నాను. ఆ తల్లి ఆ రోజు ఏ కొడుకు వైపూ కూర్చోలేదు. చివరి బెంచీలో, నడవ పక్కన, చేతిసంచి ఒడిలో పెట్టుకుని ఉంది.