గణితం మాటల నోటుబుక్కు: నా అనుభవం

తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషు మాధ్యమానికి మారిన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్క కంటే ముందు మాట అడ్డం పడుతుంది. వాళ్లతో ఒక ఏడాది మాటల నోటుబుక్కు రాయించాను. అందులో ఏది పనిచేసిందో, ఎక్కడ చెడిందో రాస్తున్నాను.

మొదట పాఠాల వరుసలోనే పదాలు రాయించి బట్టీ పట్టించాను. ఫలితం లేదు. ఫ్యాక్టర్ అంటే కారణాంకం అని ఠక్కున చెప్పినవాళ్లే, 12కు కారణాంకాలు రాయమంటే 12, 24, 36 రాశారు. అవి గుణిజాలు. కారణాంకాలంటే 12ను శేషం లేకుండా భాగించే సంఖ్యలు. మాటకు మాట వచ్చింది కానీ దాని వెనక సంఖ్యలు రాలేదు.

తర్వాత పేజీకి నాలుగు నిలువు గడులు గీయించాను: తెలుగు మాట, ఇంగ్లీషు మాట, ఉదాహరణ, ఉదాహరణ కానిది. నాలుగో గడిలోనే అసలు బలం ఉంది. ప్రధాన సంఖ్యకు ఉదాహరణ 7, కానిది 9. బేసి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అనుకునే పిల్లలు ఇక్కడ బయటపడతారు. 1ని కూడా ఆ చివరి గడిలోనే వేయించాలి. ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు కారణాంకాలు ఉండాలి, 1కి ఉన్నది ఒక్కటే. వారానికి ఐదు మాటలు, రోజుకు పది నిమిషాలు చాలు. అంతకు మించితే శుక్రవారానికి సోమవారం మాటలు జారిపోతున్నాయి.

తికమక పెట్టే మాటలను ఒకే వారంలో జంటగా పెట్టాలి. పూర్ణాంకాలు అంటే హోల్ నంబర్లు: 0, 1, 2, 3 అలా. పూర్ణ సంఖ్యలు అంటే ఇంటీజర్లు, వాటిలో రుణ సంఖ్యలూ ఉంటాయి. పేర్లు ఇంత దగ్గరగా ఉంటే వివరణ ఎంత చెప్పినా నిలవదు. రెండు సంఖ్యారేఖలు గీయించాను, ఒకదానికి 0 దగ్గర మొదలై కుడివైపే బాణం, రెండోదానికి రెండువైపులా. −4 ఏ రేఖ మీద ఉంటుందని అడిగితే మాట దానంతటదే తేలింది.

గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం), కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం)ల దగ్గర తప్పు వేరే. భాజకం అంటే కారణాంకమే. గరిష్ఠ అన్న మాట వినగానే పెద్ద సంఖ్య వెతుకుతారు. 12, 18లకు గసాభా 6, కసాగు 36. భాజకాల్లో పెద్దదైనా అది ఇచ్చిన సంఖ్యలను మించదు, గుణిజాల్లో చిన్నదైనా వాటికంటే తగ్గదు. అందుకే గరిష్ఠ, కనిష్ఠ అనే మాటలను చివరికి వదిలి, ముందు భాజకమా గుణిజమా అన్నది అడగాలి.

ఎనిమిదో తరగతిలో రేషనల్ నంబర్లు, అంటే పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయగలిగేవి, వచ్చినప్పుడు మరో చిక్కు. అలా రాయలేనివి ఇర్రేషనల్. ఇర్రేషనల్‌లో ‘ఇర్’ కాదు అని చెబుతుంది, అకరణీయలో ‘అ’ కూడా అదే చెబుతుంది. పిల్లలు ఆ రెండింటినీ జత చేస్తారు. నిజానికి అకరణీయ సంఖ్యే రేషనల్. కరణి అంటే √2 లాంటి మూలం. కరణి కానిది అకరణీయం. మాటను విప్పి చూపిస్తే ఇక తిరగబడదు. వ్యాసార్ధం కూడా అలా విప్పాల్సిందే: వ్యాసంలో అర్ధం, అంటే సగం. ‘ధ’ బదులు ‘థ’ రాస్తే ఆ సగం పోయి, భావం అని చెప్పే ‘అర్థం’ అవుతుంది.

మాటల లెక్కల్లో మాత్రం తెలుగే ఆదుకుంది. ‘త్రీ లెస్ దేన్ టెన్’ అంటే విన్న వరుసలో 3 − 10 రాస్తారు. ‘సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రమ్ నైన్’ అన్నా అంతే, 5 − 9. అదే తెలుగులో చెప్పుకుంటే 10 కంటే 3 తక్కువ, 9 నుంచి 5 తీసెయ్. మనం చెప్పే వరుసే రాసే వరుస. కాబట్టి ఇంగ్లీషు వాక్యం కింద తెలుగు వాక్యం పెన్సిలుతో రాసి, ఆ తర్వాతే గుర్తులు వేయమన్నాను. ద్విభాషా పాఠ్యపుస్తకం ఉన్నవాళ్లు ఎదురు పేజీతో సరిచూసుకోవచ్చు, కానీ ముందు సొంతంగా రాశాకే ఆ పేజీ చూడాలి.