‘ఎంత కట్టాలన్నా?’ – బెజవాడలో రిక్రూటర్ని జనం నమ్మేదాకా

మా ఉద్యోగాల కన్సల్టెన్సీ పేరూ లోగో పెట్టుకుని, ఉద్యోగం వెతుక్కునే పిల్లల దగ్గర డబ్బులు లాగిన నకిలీ ఛానల్ ఎట్టకేలకు నిన్న రాత్రి ఎగిరిపోయింది. ఒళ్లు ఇంకా మండుతోంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. నాలుగు రోజులు ఆగితే మర్యాదగా రాయాల్సి వస్తుంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల రిక్రూట్‌మెంట్ చేస్తూ సోషల్ మీడియాలో మనుషుల్ని కూడగట్టుకుందాం అనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది. పోస్టు పెడితే చదివి, పక్కింటి వాళ్లబ్బాయికి పంపి, చెప్పిన టైముకి ఇంటర్వ్యూకి వచ్చే మనుషుల గురించి చెబుతున్నా. లక్ష ఫాలోవర్లుండి ఇంటర్వ్యూ రోజు కుర్చీలు ఖాళీగా ఉండే పేజీలు మన ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి.

మేం మనుషుల్ని చూసి పెట్టేది ఆటోనగర్ వర్క్‌షాపులకి (సీఎన్‌సీ అనే కంప్యూటర్ యంత్రాలు నడిపేవాళ్లు, వెల్డర్లు), ఆసుపత్రులకి (స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు), గుంటూరు కోల్డ్ స్టోరేజీలకి (టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వచ్చిన అకౌంటెంట్లు), గన్నవరం, మంగళగిరి వైపు ఐటీ ఆఫీసులకి (సపోర్టు కుర్రాళ్లు). ఫీజు కంపెనీ ఇస్తుంది. మామూలుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే నెల జీతమంత. చేరినవాడు మూడు నెలల్లోపే మానేస్తే మళ్లీ మనిషిని చూసి పెట్టాలి. అభ్యర్థి దగ్గర పైసా పుచ్చుకోం. ఈ చివరి మాట జనం చేత నమ్మించడానికే నా ప్రాణం తోకకొచ్చింది. మిగతాదంతా తేలిక.

తేలికవి ముందు చెప్పేస్తా. సాఫ్ట్‌వేర్ వాళ్లు, మేనేజర్లు లింక్డిన్లో ఉంటారు. నర్సు, వెల్డర్, అకౌంటెంట్, ఫార్మసిస్టు వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటారు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టొద్దు, ఛానల్ పెట్టండి. గ్రూపులో 1024 మందే పడతారు, పైగా అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. నర్సింగ్ పోస్టులకి గ్రూపు పెడితే ఆ సాయంత్రం నుంచే అమ్మాయిలకి ముక్కూమొహం తెలియని వాళ్ల నుంచి ‘హాయ్’లు మొదలవుతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మందే పరిమితి, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళుతుంది. 2023 సెప్టెంబర్లో మన దేశానికి వచ్చిన ఛానల్లో ఈ తలనొప్పి లేదు. ఫాలోవర్లు ఒకరికొకరు కనిపించరు, అడ్మిన్ నంబరూ కనిపించదు. మామూలు పోస్టులకి జవాబు రాయడానికి వీల్లేదు కానీ పోల్ పెట్టొచ్చు: ‘నైట్ షిఫ్ట్ అయినా పర్లేదా?’ అని అడిగితే ఏ ఉద్యోగానికి ఎంతమంది దొరుకుతారో ఇంటర్వ్యూకి ముందే అంచనా దొరుకుతుంది. ఇంకో సంగతి. వాట్సాప్‌లో ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్లకే పంపగలరు, చాలా చేతులు మారిన మెసేజ్‌ని ఒక్కదానికే. కాబట్టి అందరికీ పంపండహో అని బతిమాలడం కంటే, ఎవరికి పంపాలో పోస్టులోనే చెప్పండి: ‘తెనాలి, పొన్నూరు వైపు డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసినవాళ్లెవరైనా తెలిస్తే వాళ్లకి.’

ఇక పోస్టులో జీతం. నమ్మకం సగం ఇక్కడే చస్తుంది. పోస్టర్ మీద కంపెనీలు వేయించేది ‘జీతం 20,000’. ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. గ్రాస్ (కోతలకి ముందు జీతం) 18,000, అందులో బేసిక్ (మూల జీతం) 10,000 అనుకుందాం. బేసిక్ మీద కంపెనీ తరఫున పీఎఫ్ 12 శాతం, అంటే 1,200. గ్రాస్ మీద ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) 3.25 శాతం, అంటే 585. మొత్తం 19,785. దాన్ని ముద్దుగా ఇరవై వేలంటారు. ఇప్పుడు కుర్రాడి వైపు నుంచి లెక్కేయండి. 18,000లోంచి అతని వాటా పీఎఫ్ 1,200 పోయింది, ఈఎస్ఐ 0.75 శాతం కింద 135 పోయింది, ఆంధ్రలో ఆ జీతానికి ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోయింది. బ్యాంకులో పడేది 16,515. మొదటి నెల ఆ మెసేజ్ చూసుకుని అతను తిట్టేది కంపెనీని కాదు, మనల్ని. కన్సల్టెన్సీ వాళ్లే మధ్యలో మూడున్నర వేలు నొక్కేశారని ఊరంతా చెబుతాడు. అందుకని మా పోస్టులో మొదటి లైనే ‘చేతికి సుమారు 16,500’. దాని కింద పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయో లేవో ఒక మాట. ఇలా రాస్తే అప్లికేషన్లు తగ్గుతాయని కంపెనీల వాళ్లు గునుస్తారు. తగ్గుతాయి, నిజమే. వచ్చినవాళ్లు మాత్రం నిలబడతారు, మన ఫీజు నిలబడేదీ అప్పుడే.

జీతం తర్వాత రాయాల్సింది చోటు. ‘విజయవాడ’ అని ఊరుకుంటే కుదరదు. కేసరపల్లా, ఆటోనగరా, కొండపల్లా? కంపెనీ బస్సు బెంజి సర్కిల్ దగ్గర ఎన్నింటికి ఆగుతుంది? గుంటూరు నుంచి రోజూ వచ్చిపోవడం కుదురుతుందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటారా, బాండ్ ఉందా అన్నది కూడా దాచకుండా రాయండి. వివరాలన్నీ బొమ్మలోనే ఇరికించొద్దు, కింద తెలుగులో టైపు కూడా చెయ్యండి. వెతికినప్పుడు దొరికేది టైపు చేసిందే. బొమ్మ ఒక్కటే ఉంటే దొంగకి పని సులువు. ఎందుకో ఇప్పుడు చెబుతా.

మన దగ్గర జనానికి కన్సల్టెన్సీ అంటేనే డబ్బులు గుంజేవాళ్లని స్థిరపడిపోయింది. వాళ్ల తప్పేం లేదు. రిజిస్ట్రేషన్ అని, ట్రైనింగ్ అని, బ్యాక్‌డోర్ అని కట్టి పోగొట్టుకున్న ఇల్లు ప్రతి వీధిలో ఒకటుంది. అందుకే ఏ పోస్టు కిందైనా మొదటి ప్రశ్న ‘ఎంత కట్టాలన్నా?’ అనే. ఏమీ కట్టక్కర్లేదంటే ఇంకా అనుమానిస్తారు: ఊరికే ఉద్యోగం ఎవడిస్తాడండీ?

సరిగ్గా ఆ సందులోంచే దూరారు దొంగలు. మా పోస్టర్ తీసుకుని ఫోన్ నంబరు మార్చారు, మా లోగోతో ఇంకో యాప్‌లో ఛానల్ తెరిచారు. మనుషులు ఎక్కడ దొరికారనుకున్నారు? కామెంట్లలో. ‘ఇంట్రెస్టెడ్ అని కామెంట్ పెట్టండి’ అనేది ఈ వృత్తిలో అందరూ వాడే చిట్కా. కామెంట్లు పెరిగితే పోస్టు ఇంకా ఎక్కువమందికి కనిపిస్తుందని. కుర్రాళ్లు ఇంట్రెస్టెడ్ అని ఊరుకోరు, పేరు, ఊరు, ఫోన్ నంబరు, చదువు అన్నీ రాసేస్తారు. ఉద్యోగం అత్యవసరమైన వాళ్ల జాబితా, నంబర్లతో సహా, వీధిలో అతికించినట్టే అయింది. దొంగ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ‘మీరు ఫలానా పోస్టుకి అప్లై చేశారు కదా’ అంటాడు. నిజమే కదా, చేశారు! ఇంటర్వ్యూ ఫోన్లోనే రెండు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత లెటర్‌హెడ్ మీద ఆఫర్ లెటర్, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ 999, యూనిఫాంకి 2,500, ‘తిరిగిచ్చేసే’ ల్యాప్‌టాప్ డిపాజిట్. డబ్బు వెళ్లేది ఎవరో మనిషి పేరున్న యూపీఐకి. కట్టినవాళ్లు ఆఫర్ లెటర్ పట్టుకుని వచ్చేది మాత్రం మా ఆఫీసుకి. మెట్ల మీద నిలబడి ఒకాయన ‘మా అమ్మాయి గాజులు తాకట్టు పెట్టి కట్టాం, మీకు సిగ్గుందా?’ అని కింద టీ కొట్టు దాకా వినిపించేలా అరిచాడు. ఆయనకి ఏం చెప్పగలం? చేతిలో ఉన్నది మన లోగోయే కదా.

పరువు పోవడం ఒకెత్తు, ఫిర్యాదు ఇంకో ఎత్తు. స్టేషన్‌కి వెళితే ‘మీ డబ్బు పోలేదుగా, మీకేం నష్టం?’ అన్నారు. ఆ మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. ఇది మీ నెత్తిన పడితే వరసగా చేయాల్సినవి ఇవి. డబ్బు కట్టిన మనిషి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాలి. వెంటనే ఎందుకంటే, డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే బ్యాంకు ఆపగలదు. చేతులు మారాక చాలా కష్టం. యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోవాలి. ‘ఫోన్‌పే చేశానండి’ అంటే చాలదు. పేరు వాడుకున్నందుకు మనం వేరే ఫిర్యాదు ఇవ్వాలి. అందులో ఐటీ చట్టం 66డి సెక్షన్ పేరు ఎత్తండి: కంప్యూటర్, ఫోన్ వాడి ఇంకొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. సెక్షన్ నంబరు చెప్పగానే స్టేషన్లో ఎదుటివాళ్లు కూర్చునే తీరే మారింది, ఏం లోకమో!

యాప్ వాళ్లకి ఇచ్చే ఫిర్యాదులో ఛానల్ పేరు చెబితే పని జరగదు, పేరు వాళ్లు క్షణంలో మార్చేస్తారు. ఛానల్ లింకు, ఒక్కో దొంగ పోస్టు లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు, పక్కనే మన అసలు పోస్టు లింకు కావాలి. ఏ యాప్ అయినా గ్రీవెన్స్ ఆఫీసర్ని (ఫిర్యాదులు చూసే అధికారిని) పెట్టి తీరాలని, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలని 2021 ఐటీ రూల్స్ అంటున్నాయి. యాప్‌లో ‘రిపోర్ట్’ నొక్కి ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఆ ఆఫీసర్ అడ్రస్ వెతికి నేరుగా మెయిల్ పెట్టండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లో అప్పీలు చేసుకోవచ్చు. లోగోకి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ సర్టిఫికెట్ జత చెయ్యండి. లేకపోతే, నా మాట విని ఈ వారమే దరఖాస్తు పెట్టండి.

తర్వాత మా పద్ధతులు మార్చేశాం. కామెంట్లో నంబరు పెడితే తీసేస్తాం. అప్లికేషన్ గూగుల్ ఫారంలోనే: పేరు, ఊరు, చదువు, అనుభవం, ఇప్పటి జీతం, ఫోన్. ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు ఆ దశలో ఎవరు అడిగినా ఇవ్వొద్దని ఫారం పైనే రాశాం. ప్రతి ఉద్యోగానికీ ఒక కోడ్ ఉంటుంది, బీజెడ్ఏ-14, జీఎన్‌టీ-9 అని రైల్వే స్టేషన్ల తరహాలో. అనుమానం వస్తే ఆ కోడ్ మా నంబరుకి పంపితే చాలు, ఉందో, నిండిందో, మాది కాదో జవాబొస్తుంది. ఈ జవాబులకి ఒక మనిషిని పెట్టాలి, అది దండగ ఖర్చనుకోవద్దు. పోస్టు నిండగానే అదే పోస్టు మీద ‘నిండింది’ అని పడాలి. పాత పోస్టర్లు బతికున్నంత కాలం దొంగలకి సరుకే. ప్రతి ఆదివారం ‘ఇవి మావి కావు’ అని దొంగ పోస్టర్లన్నీ వరసగా పెట్టి, ఏది మార్చారో ఎర్ర గీత గీసి చూపిస్తాం. మా పోస్టులన్నిటిలోకీ ఎక్కువ చేతులు మారేది ఇదే. ఉద్యోగం అక్కర్లేని అమ్మానాన్నలు కూడా ఛానల్లో చేరింది దీనివల్లే. మన ఊళ్లో పిల్లాడు ఎక్కడ చేరాలో తేల్చేది వాళ్లే కదా!

అన్నట్టు, నిజమో అబద్ధమో చూడకుండా వచ్చిన ప్రతి పోస్టర్నీ విద్యార్థుల గ్రూపుల్లోకి తోసేసే కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకి ఒక దండం. మీ నుంచి వచ్చిందంటే పిల్లలు కళ్లు మూసుకుని నమ్ముతారు. పంపే ముందు ఆ కంపెనీకి ఒక్క ఫోన్ కొడితే ఏం పోతుందండీ?

ఇంకొకటి మాత్రం గొప్పగానే చెప్పుకుంటా. సెలెక్టు కానివాళ్లకి మేం జవాబిస్తాం. ఈ చుట్టుపక్కల ఆ పని చేసేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ‘ప్రొఫైల్ హోల్డ్‌లో ఉంది’ లాంటి చచ్చు మాటలు ఉండవు. ‘టాలీ బాగానే వచ్చు. వాళ్లకి జీఎస్‌టీ రిటర్నులు సొంతంగా వేసినవాళ్లు కావాలట. జీఎస్‌టీఆర్-1, 3బీ మూడు నెలలు చేసి ఉంటే మళ్లీ రండి.’ అంతే. కంపెనీ కారణం చెప్పకపోతే చెప్పలేదనే రాస్తాం. ఇలా జవాబు అందుకున్నవాళ్లే మాకు కొత్త మనుషుల్ని తెచ్చిపెడుతున్నారు, ఉద్యోగం వచ్చినవాళ్ల కంటే ఎక్కువగా. వచ్చినవాళ్లు పనిలో పడి ఛానల్ మ్యూట్ చేసేస్తారు.

లింక్డిన్ గురించి రెండు ముక్కలు. కంపెనీ పేజీ కంటే మనిషి ప్రొఫైల్లోంచి పెట్టిన పోస్టే దూరం వెళుతుంది. హెడ్‌లైన్‌కి (పేరు కింద కనిపించే లైనుకి) 220 అక్షరాలు ఇస్తారు. అందులో ‘మనుషుల జీవితాలు మారుస్తాను’ లాంటివి వద్దు, ఏ ఊళ్లో ఏ ఉద్యోగాలకి తీసుకుంటారో రాయండి. ‘సీ మోర్’ నొక్కకముందు కనిపించే లైన్లలోనే ఉద్యోగం, చోటు, జీతం వచ్చెయ్యాలి. వర్షంలో తడుస్తూ ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడి కథలు రాసే హెచ్ఆర్‌లకి వేల లైకులు వస్తుంటే చూసి కుళ్లుకోకండి. కొట్టేవాళ్లంతా తోటి హెచ్ఆర్‌లే, ఒక్కడూ వెల్డర్ పోస్టుకి రాడు.

గల్ఫ్ ఉద్యోగాలు పెట్టరేం అని రోజూ అడుగుతున్నారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకి మనుషుల్ని పంపాలంటే విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. మాకు లేదు. ఉన్న ఏజెంట్ల జాబితా ఆ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉంటుంది. వాళ్లు కూడా అభ్యర్థి దగ్గర 30,000, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. మా లోగోతో దుబాయ్ పోస్టర్ ఎక్కడ కనిపించినా అది దొంగదే. లింకు మా నంబరుకి పంపండి, ఆదివారం జాబితాలో పెడతాం.