కుడిచేతికి సాక్సు

మావాడు 29 వారాలకే పుట్టాడు. బరువు 1,150 గ్రాములు. ఇంటికి పంపేటప్పుడు ఓ ఫైలు చేతిలో పెట్టారు. అందులో కంటి పరీక్ష, చెవి పరీక్ష, ఎదుగుదల పరీక్షల తేదీలున్నాయి. నెలలు నిండని పిల్లలకి రెటీనా దెబ్బతింటే చూపే పోవచ్చని భయపెట్టారు కాబట్టి కళ్లకి ఒక్క తేదీ కూడా తప్పలేదు. చెవులకి బెరా పరీక్షా చేయించాం. మూడోదానికే వెళ్లలేదు. పాలు తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు, ఇంకేం పరీక్షలే అనుకున్నాను.

దానికి తోడు ఆ ‘కరెక్టెడ్ వయసు’ లెక్క ఒకటి. పదకొండు వారాలు ముందు పుట్టాడు గనక, రెండేళ్లు వచ్చేదాకా వయసులోంచి ఆ పదకొండు వారాలు తీసేసి చూడాలి. లెక్క సరైనదే. నేనే దాన్ని అన్నిటికీ వాడేశాను. మెడ ఆలస్యంగా నిలిపాడా, తీసెయ్ పదకొండు వారాలు. బోర్లా పడలేదా, తీసెయ్. అత్తయ్య కూడా "ఏడో నెలలో పుట్టినవాడు, కాస్త నిదానిస్తాడులే అమ్మా" అనేవారు.

ఎనిమిదో నెలలో ఓ రోజు గిలక వాడికి ఎడమపక్కన పెట్టాను. కుడిచెయ్యి ఒంటిమీదుగా అడ్డంగా వచ్చి అందుకుంది. ఎడమచెయ్యి కదల్లేదు. పిడికిలి బిగిసి ఉంది, బొటనవేలు లోపల. రోజూ స్నానం చేయించేటప్పుడు ఆ పిడికిలి విప్పి, లోపల చేరిన నూగు తుడిచేది నేనే. ఎందుకు విప్పాల్సి వస్తోందో మాత్రం ఆలోచించలేదు. పైగా కుడిచేతివాటం అని మురిసిపోయాం కూడా!

మొదట చూపించిన డాక్టరు గారు ఏడాది నిండనివ్వండి అన్నారు. మూడు వారాలు ఆగాను. నిద్ర పట్టలేదు. ఫైలు వెతికి, మేం ఎగ్గొట్టిన ఆ ఎదుగుదల పరీక్షకే ఫోన్ చేశాను.

అక్కడి థెరపిస్టు వాణ్ణి బల్లమీద పడుకోబెట్టలేదు. చాప మీద తనూ కూర్చుని గంటసేపు ఆడించి చూశారు. తర్వాత ఒకే మాట అన్నారు: "నెలలు తక్కువైతే రెండు చేతులూ ఆలస్యమవుతాయమ్మా. ఒక్క చెయ్యి ఆలస్యం కాదు." ఏడాదిలోపు ఒక చేతివాటం కనిపించడమే చూసుకోవాల్సిన గుర్తట. ఎన్‌ఐసీయూలో, అదే పసిపిల్లల ఐసీయూలో, తల స్కాన్ నార్మల్ అన్నారు కదా అంటే, ఆ అల్ట్రాసౌండుకి అన్నీ కనబడవన్నారు. కాగితం మీద ‘సెరిబ్రల్ పాల్సీ ముప్పు ఎక్కువ’ అని రాశారు. అంటే పసితనంలోనే మెదడు దెబ్బతిని, కదలికలు అదుపులో లేకపోవడం. ఎమ్మారై తర్వాత చేయిద్దాం, థెరపీ మాత్రం రేపటి నుంచే అన్నారు. జబ్బు పేరు ఖాయమయ్యేదాకా ఆగక్కర్లేదని 2017లో వచ్చిన అంతర్జాతీయ సిఫార్సులూ చెబుతున్నాయి.

ఫారంలో "మీకేం కావాలి?" అని ఓ గడి ఉంది. ‘మామూలుగా ఉండాలి’ అని రాశాను. ఆవిడ చదివి, "అది కాదమ్మా, రేపొద్దున వీడు ఏం చేస్తే మీకు తేలికవుతుంది?" అన్నారు. కొట్టేసి, ‘పాలసీసా రెండు చేతులతో పట్టుకోవాలి’ అని రాశాను.

వాళ్లు వాణ్ణి లోపలికి తీసుకెళ్లి ఏదో చేసి తిరిగిస్తారనుకున్నాను. నేర్పింది నాకు. రోజుకి అరగంట, పది నిమిషాల చొప్పున మూడుసార్లు, కుడిచేతికి మెత్తటి సాక్సు తొడిగి, ఎడమచేతికి అందేలా చప్పుడు చేసే బొమ్మ పెట్టడం. ఏడిస్తే ఆపెయ్యడం. మొదటివారం ఏడుపే. సాక్సు నోటితో పీకేసేవాడు. క్లినిక్కుకి వెళ్తే నిద్రపోయేవాడు, అందుకని ఇంట్లో వీడియోలు తీసి చూపించేదాన్ని. వాటితోనే ఎక్కువ పని జరిగింది. ఎక్కడికెళ్లినా పుట్టినప్పటి కథ మొదటినుంచీ అడుగుతారు. ఒక పేజీలో రాసి పెట్టుకున్నాక ఆ టెన్షన్ తగ్గింది.

పాలసీసా పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఎడమది ఎప్పటికీ సాయం చేసే చెయ్యిగానే ఉండొచ్చని ముందే చెప్పారు. ఆ ఎగ్గొట్టిన తేదీ గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నామీద నాకే కోపం.

మొన్న వాడు కుడిచేతి సాక్సుని ఎడమచేత్తోనే లాగి అవతల పారేశాడు. ఆ వీడియో థెరపిస్టుకి పంపితే, ఇక ముడేసే తొడుగు కొనమన్నారు.