కలిమాలో మొదటి సగం

ఇస్లాంలోకి వచ్చేవాళ్లు పలికే సాక్ష్యవాక్యం కలిమా. అది చదవడానికి నిమిషం కూడా పట్టదు. "అష్‌హదు అల్లా ఇలాహ ఇల్లల్లాహ్, వ అష్‌హదు అన్న ముహమ్మదర్ రసూలుల్లాహ్." అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు ఎవరూ లేరని, ముహమ్మద్ (స) ఆయన ప్రవక్త అని సాక్ష్యం చెప్పడం. మసీదులోనే చదవాలని లేదు. అయినా నలుగురికీ తెలియాలని నేను వరంగల్ మండిబజార్ వైపు ఒక మసీదులో, జుహర్ (మధ్యాహ్నం) నమాజు అయ్యాక, గుసుల్ (శుద్ధి స్నానం) చేసి వెళ్లి చదివాను.

దానికి ముందు ఇమాం సాబ్ చాలాసేపు కూర్చోబెట్టారు. "పెళ్లి కోసమా బేటా? ఎవరన్నా బలవంతం చేసిన్రా?" ధర్మంలో బలవంతం లేదనే ఖురాన్‌లోని బఖరా సూరా (అధ్యాయం) 256వ ఆయత్ (వాక్యం) వినిపించి, ఇఖ్లాస్ సూరా అర్థంతో చదివించారు. నాలుగే ఆయత్‌లు. అల్లాహ్ ఒక్కడే. ఆయనకు ఎవరి అవసరమూ లేదు, అందరికీ ఆయనే దిక్కు. ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు. ఆయనకు సాటి ఎవరూ లేరు. నన్ను ఇటు లాగింది ఆ మూడో ఆయతే. పుట్టుకే లేనివాడికి కులమెక్కడిది?

దేవుడు ఒక్కడే అంటే మా ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. అమ్మ రోజూ అనే మాటే అది. చిక్కంతా కలిమా మొదటి సగంతో. ముందు "ఎవరూ లేరు" అనాలి. మాది రెండేళ్లకోసారి మేడారం పోయి సమ్మక్క సారలమ్మలకు బెల్లం బంగారం ఇచ్చుకునే ఇల్లు. అది మానుకుంటానని అమ్మ ముందే అనుకుంది. అనుకోనిది పీర్ల సంగతి.

"పీర్లు సాయిబులయే గదరా! మొహర్రంకు మీ తాత పీరు ఎత్తిండు. గది గూడ మొక్కవా?"

మొక్కనన్నాను. "మరి కాజీపేట దర్గా?" వెళ్తాను, అక్కడున్న మహనీయుడి కోసం దువా (ప్రార్థన) చేస్తాను, ఆయన్ని మాత్రం కోరికలు అడగనన్నాను. దీనిమీద ముస్లింలలోనే రెండు మాటలున్నాయి. ఔలియాను, అంటే అల్లాహ్‌కు దగ్గరైన మహనీయులను, వసీలాగా (మధ్యవర్తిగా) పెట్టుకుని అల్లాహ్‌నే అడుగుతున్నామనే వాళ్లు మా ఊళ్లో బోలెడుమంది. అమ్మకైతే నవ్వొచ్చింది. "సాయిబువైతివి, సాయిబుల దేవుళ్లను గూడ ఇడిస్తివి!"

ఇమాం సాబ్‌కు చెబితే లుఖ్మాన్ సూరా 15వ ఆయత్ తీశారు. తల్లిదండ్రులు షిర్క్ (అల్లాహ్‌కు మరొకరిని సాటిగా నిలపడం) చేయమని పట్టుబడితే వినొద్దు, కానీ ఈ లోకంలో వాళ్లతో మంచిగా మెలగాలి. ఈ రెండో మాటను కొత్తగా వచ్చినవాళ్లు కొందరు చదవకుండా దాటేస్తారని నా అనుమానం. ఇప్పుడు అమ్మవాళ్లు జాతరకు పోతే ఇల్లు, బర్రెలు, నాయన మందులు చూసుకోవడం నా వంతు. బెల్లం తమ్ముడు మోస్తాడు. అమ్మ సణుక్కుంటూనే ఒప్పుకుంది.

కలిమాకు ఏ కాగితమూ అక్కర్లేదు. రికార్డుల్లో మతం మార్చుకోవాలంటే అఫిడవిట్, గెజిట్ అంతా వేరే పని. ఎస్సీలు మాత్రం ముందే తెలుసుకోవాలి, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఆ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే.

పేరు మార్చుకోలేదు. అర్థంలో షిర్క్ లేకపోతే పాత పేరే ఉంచుకోవచ్చని ఇమాం సాబే అన్నారు. ఆధార్‌లోనూ అదే ఉంది, మసీదులోనూ అలాగే పిలుస్తున్నారు.