అంతర్వేది తీర్థం అయ్యాకే షాంఘై

వేసవి పంటకి చెరువులో రొయ్య పిల్ల వదలక ముందే ఏరేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు), మేత వేసే ఆటో ఫీడర్లు చూసొద్దామని షాంఘై బయల్దేరేవాళ్ళయినా, ఊరికే ఊరు చూడ్డానికి వెళ్ళేవాళ్ళయినా, ముందు చూడాల్సింది టికెట్ రేటు కాదు, పంచాంగం. చైనా వాళ్ళ కొత్త సంవత్సరం అమావాస్యకి వస్తుంది. చాలా ఏళ్ళలో అది మన చొల్లంగి అమావాస్యే (పుష్య అమావాస్య), మహా అయితే ఒక రోజు తేడా. అక్కడి నుంచి పదిహేనో రోజు దీపాల పండగ, అంటే దాదాపు మన మాఘ పౌర్ణమి. అంతర్వేదిలో స్వామి కల్యాణం అయి తీర్థం జనం ఇళ్ళకి చేరేసరికి అక్కడ ఫ్యాక్టరీలు దారిన పడతాయన్నమాట. 2027లో వాళ్ళ కొత్త సంవత్సరం ఫిబ్రవరి 6, దీపాల పండగ ఫిబ్రవరి 20.

2026లో మాత్రం ఈ లెక్క నెల తప్పింది. చొల్లంగి అమావాస్య జనవరి 18న, వాళ్ళ పండగ ఫిబ్రవరి 17న. అధికమాసం వాళ్ళకి 2025లోనే పడిపోయింది, మనకేమో 2026 జ్యేష్ఠంలో వచ్చింది. అందుకని తిథి చూసుకున్నాక ఇంగ్లీషు తేదీ కూడా సరిచూసుకోండి.

పండగకి పదిహేను రోజుల ముందు మొదలై నలభై రోజులు దేశమంతా రైళ్ళ మీదే ఉంటుంది. సర్కారు సెలవు ఎనిమిది తొమ్మిది రోజులే అయినా, దూరపు ఊళ్ళ నుంచి పనివాళ్ళు తిరిగి వచ్చేసరికి దీపాల పండగ దాటుతుంది. ఈలోపు వెళ్తే ఆఫీసులో టీ ఇస్తారు, క్యాటలాగ్ ఇస్తారు, మిషన్ ఆడించి చూపించడానికి మనిషి ఉండడు. వీధి చివర చిన్న హోటళ్ళు కూడా మూసే ఉంటాయి.

ఇక చలి. ఫిబ్రవరి చివర్లో షాంఘైలో పగలు పది డిగ్రీల చుట్టూ, తెల్లారుజామున మూడు నాలుగు ఉంటుంది. అంకె చూసి "ఢిల్లీ చలి లాంటిదే కదా" అనుకుంటే దెబ్బ తింటారు. అది తడి చలి. సన్న జల్లు, మబ్బు, నది గాలి, మూడూ కలిసి ఉంటాయి. పైగా ఇంట్లోకి వెళ్ళినా తగ్గదు. చిన్‌లింగ్ కొండలు, హువాయ్ నది కలిపి గీసిన గీతకి ఉత్తరాన ఉన్న ఊళ్ళకే ఊరంతటికీ కలిపి వేడినీటి గొట్టాలతో ఇళ్ళు వెచ్చబెట్టే ఏర్పాటు చేశారు, 1950ల నాటి నిర్ణయం. షాంఘై ఆ గీతకి దక్షిణాన ఉంది. బీజింగ్‌లో గదిలో బనీనుతో కూర్చోవచ్చు. షాంఘైలో చాలా చిన్న హోటళ్ళలో, ఫ్యాక్టరీ ఆఫీసుల్లో కోటు విప్పబుద్ధి కాదు.

గదిలో వేడికి దిక్కు గోడ మీది ఏసీయే. రిమోట్ మీద రాత అంతా చైనీసులో ఉంటుంది, బొమ్మలు చూడండి: మంచు పువ్వు చల్లదనానికి, నీటి బొట్టు తేమ లాగడానికి, సూర్యుడు వేడికి. సూర్యుడు పెట్టి 22 లేదా 24కి తిప్పండి. వేడి గాలి పైకే పోతుంది కాబట్టి రెక్కలు కిందికి వంచాలి. నొక్కగానే గాలి రాదు, లోపలి కాయిల్ వెచ్చబడేదాకా ఫ్యాను ఆగి ఉంటుంది. తరవాత అరగంటకో గంటకో గాలి ఆగిపోయి, లోపల బుస్సుమని చప్పుడు వస్తే కంగారు పడొద్దు. బయటి యూనిట్ మీద తేమ గడ్డకట్టి మంచు పేరుకుంటుంది. అది కరగడానికి మిషన్ తనే కొన్ని నిమిషాలు తిరగబడి ఆడుతుంది. పాడైందనుకుని కట్టేసి, మళ్ళీ వేసి, మళ్ళీ కట్టేస్తే ఆ కరిగే పని ప్రతిసారీ మొదటికొస్తుంది, గది ఎప్పటికీ వేడెక్కదు. బయటికి వెళ్ళొచ్చేలోపు ఆపకుండా 18 మీద వదిలేయడం మేలు. గది తీసుకునేటప్పుడే ఇంకో దుప్పటి అడిగి పెట్టుకోండి.

బట్టల విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒక్క లావు స్వెటర్ మీద భారం వేయడం. లోపల నూలు బనీను వద్దు. మెట్రోలో చెమట పట్టి తడుస్తుంది, మెట్లెక్కి పైకి రాగానే ఒంటికి ఐసులా అంటుకుంటుంది. ఒంటికి అతుక్కునే థర్మల్ జత, దాని మీద ఫ్లీసు, పైన గాలీ వానా ఆపే జాకెట్, ఈ మూడు పొరలు చాలు. గుడ్డ బూట్లు తడిస్తే మర్నాటికి ఆరవు, ఉతికిన సాక్సులదీ అదే గతి, కాబట్టి జతలు ఎక్కువ పెట్టుకోండి. జాకెట్ హైదరాబాద్‌లో కొనకండి. చలికాలం పోతున్నందుకు షాంఘై షాపుల్లో అప్పటికే తగ్గింపు పెట్టేసి ఉంటారు.

డబ్బు సంగతి ఇంటి దగ్గర తేల్చుకోవాలి, అక్కడికెళ్ళాక కాదు. ఫోన్‌పే, గూగుల్ పే పనిచేయవు, రూపే కార్డునీ నమ్ముకోవద్దు. అలీపే యాప్ దించి, మన నంబరుతోనే తెరిచి, పాస్‌పోర్ట్ ఫొటో ఎక్కించి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ కలపాలి. కార్డు మీద విదేశీ వాడకం మన బ్యాంకులు ఆపే ఉంచుతాయి కాబట్టి బ్యాంకు యాప్‌లో ముందు అది తెరవండి. ఎక్కువమందికి అడ్డం పడేది పేరు. కార్డు మీద "కె.వి.వి.ఎస్. మూర్తి", పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంటే పేర్లు కలవక తిప్పి కొడుతుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరున్న కార్డు ఒకటి తెప్పించుకోవడమే దారి. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది, కాబట్టి రోమింగ్ లేకుండా విమానం ఎక్కొద్దు. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది, దాని పైన మన బ్యాంకు కోత వేరు. వీచాట్‌లో కూడా ఇదే పద్ధతిలో కార్డు కలిపి ఉంచుకోండి, ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. ఓ వెయ్యి యువాన్లు నోట్లుగా కూడా ఉండాలి. యువాన్ అంటే సుమారు 12, 13 రూపాయలు.

రోమింగ్ వల్ల ఇంకో లాభం ఉంది. వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడి వైఫై మీద తెరుచుకోవు. మన సిమ్ డేటా మన దేశపు నెట్‌వర్క్ గుండా తిరిగి వస్తుంది కాబట్టి దాని మీద తెరుచుకుంటాయి. దారికి గూగుల్ మ్యాప్స్ నమ్మొద్దు, అక్కడి పటాల లెక్క వేరు కావడంతో చుక్క పక్క వీధిలో పడుతుంది. గావ్‌దే మ్యాప్స్ వేసుకోండి, మెట్రోలో ఏ నంబరు గేటు నుంచి పైకి రావాలో కూడా అదే చెబుతుంది. పీపుల్స్ స్క్వేర్ లాంటి స్టేషన్లో గేటు తప్పితే ఆ చలిలో ఒకటే నడక. మెట్రో కనీస టికెట్ 3 యువాన్లు, ప్రతి స్టేషన్లోనూ సంచి స్కాన్ చేస్తారు. టికెట్టు, డబ్బు, దారి అన్నీ ఫోన్లోనే. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఫోన్ లోపలి జేబులో ఉంచండి.

పుడోంగ్ ఎయిర్‌పోర్ట్ నుంచి మాగ్లెవ్ రైలు 30 కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాల్లో దింపుతుంది. టికెట్ 50 యువాన్లు, అదే రోజు విమాన టికెట్ చూపిస్తే 40. అయితే అది లాంగ్‌యాంగ్ రోడ్ దగ్గరే ఆగిపోతుంది, అక్కడ మళ్ళీ మెట్రో మారాలి. సామాను ఎక్కువుంటే నేరుగా రెండో లైన్ మెట్రో ఎక్కేయడమే సుఖం.

చూసేవాటిలో 632 మీటర్ల షాంఘై టవర్ టికెట్ ముందే కొనకండి. ఈ కాలంలో మబ్బు కిందికి దిగి పై అంతస్తులన్నీ తెల్లగా ఉంటాయి. కింద నిలబడి తల ఎత్తితే కొస కనిపించాలి, కనిపిస్తేనే డబ్బు పెట్టండి. హువాంగ్‌పూ నది మీద టూరిస్టు పడవల వాళ్ళు గట్టిగానే లాగుతారు. సఖినేటిపల్లి రేవులో మనం ఎక్కే పంటు లాంటిది అక్కడా ఉంది, బైకులతో, సైకిళ్ళతో జనం దాటుతుంటారు. 2 యువాన్లు. ఫిబ్రవరి చివర్లో ఆరు లోపే పొద్దుగూకుతుంది, ఆ తరవాత ఎక్కితే రెండు గట్ల దీపాలూ కనిపిస్తాయి. నాన్‌జింగ్ రోడ్డులో ఎవరైనా నవ్వుతూ ఇంగ్లీషులో పలకరించి టీ తాగుదాం రమ్మంటే వెళ్ళకండి, బిల్లు వేలల్లో వస్తుంది.

తిండికి మాంసాహారులకి ఇబ్బంది లేదు, ఏ మాంసమో చెప్పకపోతే అది పంది అని గుర్తుంటే చాలు. శాకాహారులు "వో చీ సూ" అని చెప్పినా చాలదు, కూరలో పంది కొవ్వో ఆల్చిప్పల సాసో పడుతుంది. 1922 నుంచి ఉన్న గాంగ్‌దెలిన్ లాంటి బౌద్ధుల శాకాహార హోటళ్ళు నమ్మకం. పొద్దున్నే బియ్యపు జావ ఎక్కడైనా దొరుకుతుంది, ఆవకాయ బద్ద ఒకటి ఉంటే ఇక అడగక్కర్లేదు. పచ్చడి మూత బిగించి చెకిన్ సంచిలో పెట్టండి. చికెన్ పచ్చడి, పళ్ళు మాత్రం కస్టమ్స్‌లో తీసేస్తారు.

పంపులు, మోటార్లు చూసేవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది జెజియాంగ్ రాష్ట్రంలోని థైజౌ, దాని కిందే ఉన్న వెన్‌లింగ్. జియాంగ్సూ రాష్ట్రంలో ఇంకో థైజౌ ఉంది, ఇంగ్లీషులో రెంటి స్పెల్లింగూ ఒకటే. పొరపాటున అక్కడ దిగితే రోజంతా పోయినట్టే. స్టేషన్ పేరు చైనీసు అక్షరాల్లో ఫ్యాక్టరీ వాళ్ళ చేతే పంపించుకుని టికెట్‌తో పోల్చండి. రైలు టికెట్లు పదిహేను రోజుల ముందు వదులుతారు. షాంఘైలో రైలెక్కే హాంగ్‌చియావో స్టేషన్లో ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్ట్ తీసుకోకపోతే పక్కన మనిషి ఉండే గేటుకి వెళ్ళాలి. రైలు కదలక కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు, ముప్పావు గంట ముందుండండి. చైనా లోపల తిరిగే విమానం ఏదైనా ఎక్కేటట్టయితే పవర్ బ్యాంక్ మీద 3సీ గుర్తు (వాళ్ళ భద్రతా ముద్ర) ఉండాలి, లేకపోతే 2025 జూన్ 28 నుంచి అనుమతించడం లేదు.

ఫ్యాక్టరీలో మోటారు నేమ్ ప్లేట్ చదవండి. వాళ్ళ త్రీఫేజ్ 380 వోల్టులు, మనది 415. హెర్ట్జ్ రెండు చోట్లా 50 కాబట్టి మోటారు తిరగడం తిరుగుతుంది, కానీ 380కి చుట్టిన వైండింగ్ మన చెరువు గట్టున రాత్రంతా ఆడితే వేడెక్కుతుంది. 415కి చుట్టించమని ఆర్డర్ కాగితంలోనే రాయించండి. నోటిమాటగా సరేనన్నది కంటైనర్ ఎక్కేసరికి ఎవరికీ గుర్తుండదండి.