ముక్కు మీద నిలబడ్డ కంప్యూటర్

దుబాయిలో పదకొండేళ్లుగా నా పని కంప్యూటర్లు బిగించడం. ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు వెనక సందులో కిటికీ లేని గది మాది. ఏసీ ఎప్పుడూ 22 మీదే ఉంటుంది. అక్కడ కొలిచిన వేడి అంకెను చీటీ మీద రాసి, యంత్రానికి అతికించి పంపిస్తాం. గుమ్మం దాటాక అది ఎలా బతుకుతోందో మాకు తెలియదు.

మే నెలలో సెలవుకు విశాఖపట్నంలోని కంచరపాలెం వచ్చాను. పెట్టె విప్పకముందే మేనల్లుడు పట్టుకున్నాడు: "మామయ్యా, నా కంప్యూటర్ చూడండి, మంట పుట్టిస్తోంది." వాడు ఇంట్లోనే యానిమేషన్ పని చేస్తాడు. మదర్‌బోర్డును, అంటే లోపలి భాగాలన్నీ బిగించే పలకను, తొంభై డిగ్రీలు తిప్పితే వేడిగాలి నేరుగా పైకి పోతుందని ఎవరో చెప్పారట. అందుకని ముందు వైపు నేలకు ఆనేలా కేబినెట్‌ను ముక్కు మీద నిలబెట్టాడు. వెనక ఉండాల్సిన వైర్లన్నీ నెత్తిమీద జుట్టులా లేచి ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు 86 డిగ్రీలు.

వాడి ఆలోచన తప్పేమీ కాదు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే బోర్డు అమరిక పద్ధతిలో, టవర్ కేబినెట్లో గ్రాఫిక్స్ కార్డు అలమర అరలా అడ్డంగా ఉంటుంది. దాని వేడి పైనున్న ప్రాసెసర్ వైపే పోతుంది. సిల్వర్‌స్టోన్ కంపెనీ రేవన్ కేబినెట్లలో బోర్డును తిప్పి, అడుగున 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పెట్టారు. అలాంటిది ఒకటి నేనూ బిగించాను. అయితే అందులో కిటుకు వేడిగాలి పైకి లేవడం కాదు. ఆ బలం ఎంత చిన్న ఫ్యాన్ ముందైనా దిగదుడుపే. గాలి ఎక్కడా మలుపు తిరగకుండా సాగడమే అసలు లాభం.

మావాడి కేబినెట్‌కు గాలి పీల్చే జాలీ నేలకు అతుక్కుని ఉంది. నేల మీద పడుకుని, అగరబత్తి వెలిగించి ఆ సందు దగ్గర పెట్టాను. పొగ లోపలికి పోకుండా నా కళ్లలోకి వచ్చింది. అక్క వంటింటి పీటలు రెండు తెచ్చి కింద పెట్టాం. పొగ చటుక్కున వంగి జాలీలోకి దూరింది. అరగంటలో 79.

మామూలుగా నిలబెట్టి చూస్తే 81. ఈ విన్యాసమంతా రెండు డిగ్రీల కోసమా! పైగా కార్డులోని రాగి గొట్టాల్లో కాస్త ద్రవం ఉంటుంది. వేడి కొసన ఆవిరై, చల్లని కొసన మళ్లీ ద్రవమై వెనక్కి రావాలి. తిప్పినప్పుడు అది ఎదురెక్కాల్సి వస్తే కొన్ని కార్డులు ఇంకా వేడెక్కుతాయి.

చివరికి జాలీ వెనక వడపోత గుడ్డ ఊడదీశాను. ఓడల పోర్టు వైపు నుంచి వచ్చే నల్లపొడి, సముద్రపు చెమ్మ కలిసి అట్ట కట్టేసింది. కడిగి ఆరబెట్టి పెడితే 74. కేబినెట్ మామూలుగానే నిలబడింది. పీటలు వంటింటికి చేరాయి.

ఆ గదిలో అప్పుడు 33 డిగ్రీలు. గది ఎంత వేడెక్కితే లోపల కూడా దాదాపు అంతే పెరుగుతుంది. అంటే మా చీటీ మీది అంకెకు ఇక్కడ పదకొండు కలుపుకోవాలన్న మాట.

దుబాయి తిరిగి వచ్చాక, పరీక్షలో ఆఖరి అరగంట ఏసీ ఆపేస్తున్నాను. పక్క బల్ల దగ్గరి మలయాళీ చొక్కా విప్పుకుని నన్ను తిడుతున్నాడు.